ముట్లుడిగే ముందు ఆగని రక్తస్రావం: చైనా మూలికల మాట ఎంతవరకు నమ్మొచ్చు?

నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఈ మాట రాక మానదు. ముట్లు ఆగిపోయే వయసు దగ్గరపడుతుంటే నెలసరి తగ్గుముఖం పట్టాలి కదా, మరి ఇలా ఎందుకు పోతోంది? పది రోజులైనా ఆగదు. గడ్డలు గడ్డలుగా పడుతుంది. రాత్రి పక్క మీద పాత చీర మడతేసుకుని పడుకోవాలి, బయటికి వెళ్తే బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. చెన్నైలో మన తెలుగు ఇళ్ళలో దీనికి ఎక్కువగా రెండు దారులే వినిపిస్తున్నాయి. ఒకటి పాతదే: "గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది." రెండోది కొత్తగా వచ్చింది: సింగపూర్‌లోనో మలేసియాలోనో ఉన్న పిల్లలు పంపిన చైనా మూలికల పొడి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మాత్రలు.

ఆపరేషన్ అంటే భయం కాబట్టి పొడి. పొడి పనిచేయకపోతే ఆపరేషన్. చాలామంది మనసులో లెక్క ఇంతే. ఆ రెంటికీ మధ్య బోలెడంత వైద్యం ఉందని, అది ఖరీదైనది కూడా కాదని ఎవరూ వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పరు. చైనా మూలికల గురించి నిజాయితీగా మాట్లాడాలంటే ముందు ఆ మధ్య భాగాన్ని చూడాలి.

ఆగిపోయే ముందు ఎందుకు ఎక్కువవుతుంది

మన దేశంలో ముట్లు పూర్తిగా ఆగిపోయే సగటు వయసు 46-47. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా ఉంటుంది. దానికి ముందు నాలుగైదేళ్ళు అండాశయాలు ఒక పద్ధతిగా పనిచేయవు. కొన్ని నెలలు అండం విడుదలవుతుంది, కొన్ని నెలలు అవదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తగినంత తయారవుతుంది. అవని నెలల్లో ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే పనిచేస్తూ గర్భసంచి లోపలి పొరను పెంచుతూ పోతుంది. ఎరువు వేస్తూనే ఉండి కోత కోయని చేను లాంటి పరిస్థితి అది. చివరికి ఆ పొర ఒక పద్ధతి లేకుండా, ఒక్కోచోట ఒక్కోసారి రాలడం మొదలుపెడుతుంది. అందుకే రెండు నెలలు రాకుండా ఉండి మూడో నెల ముంచెత్తినట్టు వస్తుంది.

ఈ వయసులో వచ్చే ప్రతి రక్తస్రావమూ హార్మోన్ల గొడవే అనుకోకూడదు. గర్భసంచిలో కండ గడ్డలు (ఫైబ్రాయిడ్లు), పాలిప్స్, గోడ లోపలికి పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్, థైరాయిడ్ లోపం, రక్తం గడ్డకట్టడంలో తేడాలు, గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్ లాంటి మందులు, పొర మితిమీరి పెరగడం, అరుదుగా క్యాన్సర్. ఈ కారణాలన్నిటినీ ఒక వరుసలో పెట్టి అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య ఫిగో 2011లో ఒక వర్గీకరణ ఇచ్చింది. అంతకుముందు కారణం తెలియకపోతే చీటీ మీద 'డి.యు.బి.' (డిస్‌ఫంక్షనల్ యుటెరైన్ బ్లీడింగ్) అని రాసి వదిలేసేవారు. ఇప్పటికీ కొన్ని చీటీల్లో ఆ మూడక్షరాలు కనిపిస్తాయి. అది కనిపిస్తే "కారణం ఏమిటి డాక్టరుగారూ?" అని మళ్ళీ అడగండి. అడగడం మన హక్కు.

ఎంత పోతే ఎక్కువ? పాత పుస్తకాల లెక్క 80 మిల్లీలీటర్లు. ఇంట్లో ఎవరూ కొలవలేరు కాబట్టి ఇప్పటి వైద్యం ఆ అంకెను పట్టుకు వేలాడదు. మీ పనికీ నిద్రకీ మనశ్శాంతికీ అడ్డం వస్తే అది ఎక్కువే. పది రూపాయల బిళ్ళ కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోవడం రెండు గంటలకు మించి సాగుతున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా అది ఇంట్లో ఉండి ఏ పొడో వేసుకుని చూసే సమయం కాదు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

చైనా వైద్యం దీన్ని ఎలా చూస్తుంది

ఎక్కడా పొంతన లేని నాటు వైద్యం అని తీసిపారేస్తే చైనా సంప్రదాయ వైద్యానికి అన్యాయం చేసినట్టే. దానికి తనదైన తర్కం ఉంది. హఠాత్తుగా ముంచెత్తేదాన్నీ, చుక్కలు చుక్కలుగా రోజుల తరబడి కారేదాన్నీ కలిపి వాళ్ళు 'బెంగ్ లౌ' అంటారు. ఆడవాళ్ళ జీవితం ఏడేళ్ళ మెట్లుగా సాగుతుందనీ, ఏడో ఏడు, అంటే 49కి, సంతాన శక్తి ఉడిగిపోతుందనీ వాళ్ళ ప్రాచీన గ్రంథం హువాంగ్ దీ నేయ్ జింగ్ చెబుతుంది. ఆ మెట్టు దగ్గర వచ్చే రక్తస్రావానికి వైద్యుడు నాలుగు కారణాలు వెతుకుతాడు. ప్లీహంలో ప్రాణశక్తి, వాళ్ళ మాటలో 'చీ', తగ్గి రక్తాన్ని పట్టి ఉంచలేకపోవడం. మూత్రపిండాల బలం సన్నగిల్లడం. రక్తంలో వేడి చేరడం. రక్తం ఒకచోట నిలిచిపోయి దారి మూసేయడం. ఈ ప్లీహం, మూత్రపిండం మన స్కానింగ్‌లో కనిపించే అవయవాలు కావు. శరీరం చేసే పనులకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు. స్కాన్‌లో కిడ్నీలు బాగున్నాయి కదా అని వాళ్ళతో వాదించి లాభం లేదు.

నాలుక చూస్తారు, నాడి పడతారు, రక్తం రంగు అడుగుతారు. పల్చగా, లేత రంగులో ఉంటే శక్తి లోపం. చిక్కగా, ఎర్రగా ఉంటే వేడి. నల్లటి గడ్డలతో నొప్పి ఉంటే నిలిచిపోయిన రక్తం. చికిత్సలో కూడా మూడు అడుగులున్నాయి: ముందు ప్రవాహం ఆపు, తర్వాత మూలం చూడు, చివర పోయిన బలం తిరిగి ఇవ్వు. మింగ్ వంశం కాలం నుంచి ఈ వరుస పాటిస్తున్నారు. ఈ వరుసలో తప్పు పట్టాల్సిందేమీ నాకు కనబడదు. మన స్త్రీవైద్యులు చేసేదీ దాదాపు ఇదే.

మూలికల్లో కొన్ని మనకు కొత్తవేమీ కావు. గర్భస్రావాల రక్తం ఆపడానికి సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి కషాయంలో వాడిన 'ఐ యే' మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టం. 'పూ హువాంగ్' అనేది జమ్ము పుప్పొడి. కొల్లేటి గట్ల మీద పెరిగే జమ్ము జాతే. దాన్ని రక్తం ఆపడానికి వాడేటప్పుడు నల్లగా మాడ్చి వాడతారు. 'ఐ యే' వేసే ఆ పాత కషాయంలోనే పడే 'ఎ జియావ్' మాత్రం గాడిద చర్మం ఉడికించి తీసిన జిగురు. దాని గిరాకీ ఎంతంటే 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ దేశాలు చర్మం కోసం గాడిదలను చంపడం 15 ఏళ్ళపాటు నిషేధించాల్సి వచ్చింది. మన దేశంలో 2012 నుంచి 2019 మధ్య గాడిదల సంఖ్య మూడు లక్షల పైచిలుకు నుంచి లక్షా ఇరవై వేలకు పడిపోయింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి కానీ, మందు పేరుతో ఒక జంతువుకు పట్టిన గతి చూస్తే బాధేస్తుంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది 'సాన్ చీ' అనే దుంప, జిన్‌సెంగ్ జాతిది. యున్నాన్ బైయావ్ అనే ప్రసిద్ధ రక్తం ఆపే మందులో ఇది ముఖ్యమైనది. ఇందులో డెన్సిచిన్ అనే అమినో ఆమ్లం ఉంది. రక్తస్రావాన్ని ఆపే గుణం దానిదేనని పరిశోధనలు చెబుతాయి. అదే అణువు కేసరి పప్పులోనూ ఉంది. కాళ్ళు చచ్చుబడే లాథిరిజం జబ్బుకు కారణమని మన దేశంలో 1961లో అమ్మకం నిషేధించిన పప్పు అది. వేడి చేస్తే ఆ పదార్థం తగ్గిపోతుంది. చైనావాళ్ళు రక్తం ఆపాలంటే పచ్చి సాన్ చీ, బలానికైతే ఆవిరి పట్టిన సాన్ చీ వాడడం వెనక ఇంత రసాయనం ఉంది. అనుభవంతో వచ్చిన జ్ఞానం అది, గౌరవించాలి. అయితే పనిచేసే ప్రతి పదార్థానికీ మోతాదు ఉంటుందనీ, మోతాదు దాటితే హాని ఉంటుందనీ కూడా అదే ఉదాహరణ చెబుతోంది.

బాణం ఎటు చూపిస్తోంది

నాకు అసలు చిక్కు కనిపించింది ఇక్కడ. ఈ వయసు రక్తస్రావానికి ఎక్కువగా ఇచ్చే మందుల్లో 'గుయ్ పీ తాంగ్' ఒకటి. 13వ శతాబ్దం నాటి యోగం. ఎవరికి ఇస్తారు? ముఖం పాలిపోయి, నీరసంగా, గుండె దడతో, నిద్రపట్టక, మతిమరుపుతో బాధపడే స్త్రీకి. చైనా వైద్యుడి లెక్కలో ఆ నీరసం కారణం, రక్తస్రావం ఫలితం. శక్తి లేదు కాబట్టి రక్తం నిలవడం లేదు.

ఇదే స్త్రీని మన ఎగ్మోర్ ప్రభుత్వ స్త్రీల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు ముందు కింది కనురెప్ప లాగి చూస్తారు. హిమోగ్లోబిన్ పరీక్ష రాస్తారు. పాలిపోవడం, దడ, ఆయాసం, నిద్రలేమి, చిరాకు, ఇవన్నీ రక్తహీనత లక్షణాలు. ఇక్కడ రక్తస్రావం కారణం, నీరసం ఫలితం. రెండు వైద్యాలూ ఒకే మనిషిని చూసి ఒకే లక్షణాలు రాసుకుని, బాణం గుర్తు మాత్రం ఎదురెదురు దిక్కుల్లో వేశాయి.

ఏది సరైందో తేల్చడానికి ఇనుము లెక్క చాలు. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలకు 160 మిల్లీలీటర్లు పోతే 80 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టు. మనం తినే తిండి నుంచి శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే గ్రహిస్తుంది, అంటే నెలకు 30 నుంచి 60. జమ కన్నా ఖర్చు ఎక్కువ. నెలనెలా లోటు పేరుకుపోతుంది. మునగాకు, రాగిజావ, బెల్లం ఎంత తిన్నా ఇంత లోటు పూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు దేశం మొత్తం మీద 57 శాతం, తమిళనాడులో 53 శాతం పైన. అంటే మనలో సగానికి పైగా ఆడవాళ్ళు ఈ వయసులోకి అడుగుపెట్టేసరికే ఖాతా ఖాళీగా ఉంటోంది.

గుయ్ పీ తాంగ్ తాగుతూ ఉంటే కాస్త నిద్రపట్టొచ్చు, ఆకలి పుట్టొచ్చు. పోయిన ఇనుము మాత్రం తిరిగి రాదు. ఇనుము మాత్ర వేసుకోకుండా ఆ కషాయం మీదే ఆధారపడితే, లక్షణానికి మందు వేసి లోటును వదిలేసినట్టే.

"మా వదినకి తగ్గింది కదా!"

తగ్గి ఉంటుంది. నేను కాదనను. కానీ ఈ జబ్బుకు ఒక స్వభావం ఉంది: దానంతటదే ఎక్కువవుతుంది, దానంతటదే తగ్గుతుంది. మూడు నెలలు విపరీతంగా పోయి, తర్వాత నాలుగు నెలలు అసలు రాకపోవడం ఈ వయసులో మామూలే. మనం మందు మొదలుపెట్టేది బాధ శిఖరాన ఉన్నప్పుడు. ఆ తర్వాత ఏం చేసినా, ఏం చేయకపోయినా చాలామందికి కొంత దిగుతుంది. పైగా ఒకటి రెండేళ్ళలో ముట్లే ఆగిపోతాయి. ఆ సమయంలో చేతిలో ఏ సీసా ఉంటే పేరు దానికి వస్తుంది. అందుకే ఒకరి అనుభవం ఎంత నిజమైనా, మందు వేసుకున్నవాళ్ళనూ వేసుకోనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేలదు.

చైనాలో అలాంటి పరిశోధనలు జరగలేదా అంటే, చాలా జరిగాయి. ఇబ్బంది వాటి నాణ్యతతో. చిన్న చిన్న గుంపులు. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో రోగికీ డాక్టరుకీ తెలిసిపోవడం. ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో కషాయం, అందులోనూ మనిషిని బట్టి మార్పులు. ఫలితాన్ని ఎన్ని మిల్లీలీటర్లు తగ్గిందని కొలవకుండా 'మొత్తం మీద గుణం కనిపించినవారి శాతం' అని చెప్పడం. 'గుణం' అనే మాటలో పూర్తిగా నయమైనవారూ కొంచెం మెరుగైనవారూ కలిసిపోతారు. పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2016లో ముట్లు ఆగే సమయపు ఇబ్బందుల మీద చైనా మూలికల సంగతి చూసింది. ఒళ్ళంతా ఆవిర్లు రావడం లాంటి లక్షణాల మీద 22 పరిశోధనలు, 2902 మంది స్త్రీలు. పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదన్నదే తేలింది. రక్తస్రావం విషయంలో కూడా పరిస్థితి ఇంతకన్నా గట్టిగా లేదు.

ఒక మాట గమనించాలి. చైనాలోని పెద్ద సంప్రదాయ వైద్య ఆసుపత్రుల్లో స్త్రీరోగ విభాగానికి వెళ్తే వాళ్ళూ ముందు స్కాన్ తీస్తారు, రక్త పరీక్షలు చేస్తారు, అవసరమైతే గర్భసంచి గోకి ముక్క పరీక్షకు పంపుతారు. ఆ తర్వాతే కషాయం. మన దగ్గరికి వచ్చేసరికి ఆ ముందు భాగమంతా అక్కడే ఉండిపోయి, ఒక్క పొడి మాత్రం విమానం ఎక్కి వస్తోంది.

పెరంబూరులో ఒక డబ్బా

పెరంబూరులో మాకు తెలిసిన ఒక అత్తయ్యగారు ఈ మధ్య తన డబ్బా తెచ్చి చూపించారు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, లోపల గోధుమరంగు రవ్వ లాంటి పొడి, కొలవడానికి చిన్న చెంచా. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకనుంచి చేదు. సింగపూర్‌లో ఉన్న కోడలు అక్కడి చైనా వైద్యుడి దగ్గర తన కోసం రాయించుకున్న మందు అది. తనకు తగ్గిందని రెండు డబ్బాలు ఎక్కువ కొని అత్తగారికి పంపింది. ప్రేమతోనే పంపింది. లేబుల్ మీద చైనా అక్షరాల కింద ఇంగ్లీషులో చిన్నగా మూలికల పేర్లు. వరుసలో మూడోది 'దాంగ్ గుయ్', చివర్లో అతిమధురం.

"ఆకులూ వేళ్ళే కదమ్మా, ఏం చేస్తాయిలే" అన్నారు ఆవిడ.

ఆవిడకి రెండేళ్ళ కిందట గుండెకు స్టెంట్ పడింది. రోజూ ఆస్పిరిన్, ఇంకో రక్తం పల్చబరిచే మాత్ర వేసుకుంటున్నారు. బీపీ కూడా ఉంది. దాంగ్ గుయ్ రక్తాన్ని 'కదిలించే' మూలిక. రక్తం పల్చబరిచే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్ళలో అది రక్తం మరీ పల్చబడేలా చేసిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అంటే రక్తస్రావం ఆగాలని వేసుకుంటున్న డబ్బాలో రక్తస్రావం పెంచగలిగేదీ, బీపీ పెంచేదీ రెండూ ఉన్నాయి. ఎంత పెంచాయో ఎవరూ చెప్పలేరు. కానీ ఆవిడ గుండె డాక్టరుకి ఈ డబ్బా సంగతే తెలియదు. "అడగలేదు కదా, నేనూ చెప్పలేదు" అన్నారు.

రక్తం పోతున్న మనిషికి రక్తాన్ని కదిలించే మందు ఎందుకు ఇస్తారని మీకు అనుమానం రావచ్చు. వాళ్ళ సిద్ధాంతం ప్రకారం నిలిచిపోయిన రక్తం దారి మూసేస్తే కొత్త రక్తం పక్కకు పొర్లుతుంది, కాబట్టి అడ్డు తీయాలి. ఆ నిర్ణయం ఎదురుగా కూర్చున్న ఒక మనిషి నాలుక, నాడి చూసి తీసుకునేది. సింగపూర్‌లో చైనా వైద్యులకు 2000లో వచ్చిన చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉంది. కోడలిని చూసిన వైద్యుడు రిజిస్టరైన మనిషే. ఆయన అత్తగారిని చూడలేదు. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోవడం ఇంగ్లీషు వైద్యం లెక్కలో ఎంత తప్పో, చైనా వైద్యం లెక్కలో అంతకన్నా పెద్ద తప్పు.

మన దేశంలో ఆయుర్వేదం, సిద్ధ, యునాని, హోమియోపతి, సోవా రిగ్పాలకు ఆయుష్ కింద గుర్తింపు ఉంది. చైనా మూలికా వైద్యానికి లేదు. ఆక్యుపంక్చర్‌ను 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ విడిగా గుర్తించినా, ఆ గుర్తింపు మూలికలకు వర్తించదు. తాంబరంలోని జాతీయ సిద్ధ సంస్థకు వెళ్తే చదువుకున్న వైద్యుడు ఉంటాడు, చీటీ ఉంటుంది, తేడా వస్తే అడగడానికి ఒక చోటు ఉంటుంది. సూట్‌కేసులో వచ్చిన డబ్బాకు అవేవీ లేవు.

డబ్బాలో రాసిందే లోపల ఉందా అన్నది ఇంకో భయం. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో సన్నబడే మందులిచ్చే ఒక క్లినిక్‌లో చైనా మూలిక ఒకటి మారిపోయింది. రెండు మొక్కల పేర్లూ దాదాపు ఒకేలా ఉండడంతో ఒకదానికి బదులు అరిస్టలోకియా జాతి వేరు కలిసింది. వందమందికి పైగా ఆడవాళ్ళ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. తర్వాత ముందుజాగ్రత్తగా మూత్రపిండాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ బయటపడిందని 2000లో ప్రచురించారు. మన ఊళ్ళలో ఈశ్వరి వేరు అనేది కూడా ఆ జాతి మొక్కే. ప్రకృతి నుంచి వచ్చిందల్లా సురక్షితమనే మాట మన మూలికలకూ వర్తించదు. 2013లో హాంకాంగ్ అధికారులు యున్నాన్ బైయావ్ ఉత్పత్తులు కొన్నిటిని వెనక్కి తెప్పించారు. లేబుల్ మీద చెప్పని వసనాభి జాతి విషపదార్థాలు అందులో కనిపించాయి.

ఆపరేషన్‌కూ పొడికీ మధ్య ఉన్నదేమిటి

ముందు పరీక్షలు: హిమోగ్లోబిన్, వీలైతే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్, స్కానింగ్. 46 ఏళ్ళకు కూడా గర్భం రావచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా. 45 దాటినవాళ్ళకు గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఒళ్ళు బరువు, షుగరు, పీసీఓఎస్ ఉన్నవాళ్ళకు అంతకన్నా ముందే. సన్నటి గొట్టంతో ఔట్‌పేషెంట్‌గానే అయిపోతుంది. బయాప్సీ అనే మాట వింటేనే టెన్షన్ పడేవాళ్ళు ఉన్నారు. క్యాన్సర్ లేదని తెలుసుకోవడానికే ఎక్కువసార్లు చేస్తారు. స్కాన్ రిపోర్టులో పొర మందం 12 మిల్లీమీటర్లని చూసి గాభరా పడకండి. ముట్లు ఇంకా వస్తున్నవాళ్ళలో నెలలో ఏ రోజు తీశారన్నదాన్ని బట్టి అది మారుతుంది.

మందుల్లో మొదట చెప్పుకోవాల్సింది ట్రానెక్సమిక్ ఆసిడ్. దీన్ని 1962లో ప్రపంచానికి అందించింది జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే. కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఆవిడ పట్టుదల. హార్మోన్ కాదు. రక్తస్రావం ఉన్న నాలుగైదు రోజులే వేసుకోవాలి. దాదాపు సగం దాకా తగ్గిస్తుంది. ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, చవక. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, స్టెంట్ పడినవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు.

ఒర్మెలాక్సిఫీన్ అనే మాత్ర మన దేశంలోనే, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది. గర్భనిరోధకంగా ప్రభుత్వం 'ఛాయ' పేరుతో ఇచ్చేది ఇదే. ఈ రకం రక్తస్రావానికి కూడా మొదట వారానికి రెండుసార్లు, తర్వాత ఒకసారి ఇస్తారు. ప్రొజెస్టిరాన్ మాత్రలు ఉన్నాయి. అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ లూప్. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను రోజుకు చాలా కొద్దిగా నేరుగా గర్భసంచి లోపలే వదులుతుంది. రక్తస్రావాన్ని 70 నుంచి 95 శాతం దాకా తగ్గిస్తుంది. అయిదేళ్ళు ఉంటుంది, అంటే చాలామందికి ముట్లు ఆగేదాకా సరిపోతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించడం మామూలు. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది మధ్యలో తీయించేసుకుంటున్నారు. పొర మితిమీరి పెరిగి ఉన్నా, కణాల్లో తేడా లేకపోతే దానికీ ఇదే మొదటి చికిత్స.

ఇనుము మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే శరీరం బాగా గ్రహిస్తుందని ఈ మధ్య పరిశోధనలు చూపించాయి. కడుపులో ఇబ్బంది కూడా తగ్గుతుంది. ఫిల్టర్ కాఫీతో పాటు వేసుకోవద్దు. కాఫీకీ మాత్రకీ మధ్య గంటా రెండు గంటలు ఎడం ఉండాలి. చెన్నైలో ఈ ఒక్క సలహా పాటించడమే అన్నిటికన్నా కష్టం, నాకు తెలుసు.

ఇన్ని ఉన్నా మన తెలుగువాళ్ళ లెక్కలు చూస్తే గుండె తరుక్కుపోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పెద్ద గడ్డలు ఉన్నవాళ్ళకీ, మందులన్నీ వాడి విసిగిపోయినవాళ్ళకీ ఆ ఆపరేషన్ నిజంగా ప్రాణం పోస్తుంది. మొదటి చీటీలోనే దాన్ని రాయడం మాత్రం తప్పు. అలా రాసినందువల్లే భయపడిన ఆడవాళ్ళు డాక్టర్లకు దూరమై డబ్బాల వైపు వెళ్తున్నారు. ఆ తప్పు ఆ ఆడవాళ్ళది కాదు.

ఇంతా విని కూడా మూలికలే వాడతానంటే

ఎవరినీ ఆపలేను, ఆపాల్సిన అవసరం కూడా ఎప్పుడూ ఉండదు. పరీక్షలన్నీ అయి, క్యాన్సర్ లేదని తేలి, హిమోగ్లోబిన్ 12కు దగ్గరగా ఉండి, రక్తస్రావం భరించగలిగేంత మాత్రమే ఉంటే, చదువుకున్న వైద్యుడి పర్యవేక్షణలో కొన్ని నెలలు చూడొచ్చు. అప్పుడు కూడా ప్రతి నెలా ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు అన్నది క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు నెలలకు అంకెల్లో తేడా లేకపోతే ఆపేయండి. ఇనుము మాత్ర మాత్రం ఆపొద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వేసుకునేవాళ్ళు, లివర్, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు అసలు మొదలుపెట్టకూడదు.

ముట్లు ఆగి పన్నెండు నెలలు గడిచాక మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా ఏ మూలికా వద్దు, వెంటనే స్త్రీవైద్యుల దగ్గరికి వెళ్ళాలి. అలా వచ్చినవాళ్ళలో సుమారు నూటికి తొమ్మిదిమందికి గర్భసంచి క్యాన్సర్ ఉంటుంది. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే క్యాన్సర్ అది.

ఇక మీరు ఏ మూలిక వాడుతున్నా ఆ డబ్బా ఫొటో ఫోన్‌లో పెట్టుకుని ప్రతి డాక్టరుకీ చూపించండి, పళ్ళ డాక్టరుతో సహా. ఏ ఆపరేషన్‌కైనా తేదీ పడితే రెండు వారాల ముందే మూలికలు ఆపేసి, ఆ విషయం మత్తు డాక్టరుకి చెప్పండి. పెరంబూరు అత్తయ్యగారు పోయిన వారం డబ్బా పట్టుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆ డాక్టరు పొడి ఆపించి, స్త్రీవైద్యురాలికి చీటీ రాసిచ్చారు. బయాప్సీ రిపోర్టు ఇంకా రావాలి.